దూరపు దీవుల పద్దు

శ్రోతలకు నమస్కారం.

ఫ్రాన్సులో బడ్జెట్ మాటెత్తినప్పుడల్లా ఒక పాత ప్రశ్న మళ్లీ వినిపిస్తుంది. వేల కిలోమీటర్ల అవతల, కరీబియన్ సముద్రంలో ఉన్న గ్వాడెలూప్, మార్టినిక్, హిందూ మహాసముద్రంలో ఉన్న రీయూనియన్, మాయోట్ దీవులకు మా పన్నుల డబ్బు ఎందుకు పోయాలని. అడగడంలో తప్పేమీ లేదు. తేడా అంతా లెక్క కట్టే తీరులో ఉంది.

గ్వాడెలూప్, మార్టినిక్, రీయూనియన్ 1946 నుంచి, మాయోట్ 2011 నుంచి ఫ్రాన్సు జిల్లాలే. అక్కడి టీచరు జీతమూ, ఆసుపత్రి మందులూ పారిస్ పక్క జిల్లాలో అయ్యే ఖర్చు లాంటివే. వాటిని ‘దీవులకిచ్చే సాయం’ కింద రాస్తే మొత్తం ఉబ్బిపోతుంది. నిజంగా అదనమైన పద్దులు వేరే ఉన్నాయి. గ్వాడెలూప్, మార్టినిక్‌లలో ప్రభుత్వోద్యోగులకు మూలవేతనం మీద 40 శాతం ఎక్కువిస్తారు. విమాన టికెట్లకు రాయితీ ఉంది. దీవిలో కరెంటు తయారీకి ఎంతో ఎక్కువవుతున్నా, బిల్లు మాత్రం పారిస్ ధరకే వస్తుంది. ఆ తేడాను దేశమంతా మోస్తుంది. పౌరుడు నిలదీసి అడగాల్సింది ఈ పద్దుల గురించి.

పోనీ, ఆ డబ్బంతా దీవిలోనే ఉంటుందా అంటే, అదీ లేదు. సరుకులో పెద్ద భాగం ఫ్రాన్సు నుంచే ఓడల్లో వస్తుంది. రేవులో దిగగానే దానిమీద ‘ఒక్త్రువా ద మేర్’ అనే స్థానిక పన్ను పడుతుంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన సరుకుకైనా మినహాయింపు లేదు. 2022 ప్రభుత్వ గణాంకాల్లో ఆహారపు ధరలు ఫ్రాన్సు కంటే గ్వాడెలూప్‌లో 42 శాతం, మార్టినిక్‌లో 40 శాతం ఎక్కువ. పన్ను దీవిలోనే ఉన్నా, వచ్చిన డబ్బులో కొంత సరుకు ధరగా ఫ్రాన్సుకు తిరుగుప్రయాణం కడుతుంది.

ఇక లాభం. అది బడ్జెట్ కాగితాల్లో కనపడదు. ఒక దేశపు తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే 370 కిలోమీటర్ల వరకు, చేపలూ ఖనిజాలూ ఆ దేశానివే. చుట్టూ వేరే భూమి లేని చిన్న దీవికి దాదాపు 4.3 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం దక్కుతుంది. ఫ్రాన్సు సముద్ర హక్కుల్లో 90 శాతానికి పైగా ఇలా వచ్చినవే.

అయితే హక్కు ఉండగానే ఆదాయం రాదు. మెక్సికోకు పడమట ఉన్న ఫ్రాన్సు దీవి క్లిపర్టన్‌లో కాపురముండే మనిషి లేడు. మనుషులు బతకలేని రాతిదిబ్బకు ఇంత సముద్రం చెల్లదని అంతర్జాతీయ చట్టమే అంటోంది కాబట్టి, ఆ హక్కు మీద వివాదానికి తావుంది. కాపలా ఓడల ఖర్చు సరేసరి. పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రాన్సుకు చెందిన దీవుల సమూహం ఫ్రెంచ్ పాలినీషియాలోనైతే చేపల వేట అనుమతులు స్థానిక ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి, పారిస్ చేతిలో లేవు.

ఈ లెక్కలో ఎవరూ రాయని పద్దు ఇంకొకటుంది, దాన్ని వదిలేయడం అన్యాయం. క్లోర్‌డెకోన్ అనే పురుగుమందును ఫ్రాన్సు 1990లో నిషేధించింది. గ్వాడెలూప్, మార్టినిక్ అరటి తోటల్లో మాత్రం 1993 దాకా చల్లనిచ్చింది. ఆ విషం ఇంకా అక్కడి నేలలో ఉంది. పాలినీషియాలో 1966 నుంచి 1996 వరకు 193 అణు పరీక్షలు జరిగాయి. వాటివల్ల దక్కిన రక్షణ దేశమంతటిది. జబ్బుపడ్డవారికి పరిహారమిచ్చే చట్టం 2010లో గానీ రాలేదు.