కటకటాల వెనుక కాన్పు: ఎస్కార్ట్ వస్తేనే వైద్యమా?

వ్యాఖ్యాత: నమస్కారం. జైళ్లలోని గర్భిణులు, పాలిచ్చే తల్లుల ఆరోగ్య హక్కులపై ఈ రోజు చర్చ. న్యాయవాది గారూ, లోటు చట్టంలో ఉందా?

న్యాయవాది: అమలులో ఉందండీ. జైళ్లలోని తల్లులు, పిల్లల గురించిన ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే తేల్చి చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, ఆ సంగతి మనవాళ్లకే గుర్తుండదు! గర్భిణిని జైలుకు పంపే ముందే అక్కడ కాన్పుకు కనీస వసతులు ఉన్నాయో లేదో చూడాలి. వీలైనంతవరకు కాన్పు బయటి ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు ఉండకూడదు.

వ్యాఖ్యాత: మరి ఎక్కడ ఆగిపోతోంది?

జైళ్ల శాఖ విశ్రాంత అధికారి: గేటు దగ్గర. ఖైదీని ఆసుపత్రికి తీసుకువెళ్లే ఎస్కార్ట్ మా చేతిలో ఉండదు, సాయుధ పోలీసు విభాగం పంపాలి. ఊళ్లో బందోబస్తు ఉందంటే ఆ రోజు మనుషులు రారు. పైగా మహిళా కానిస్టేబుల్ తప్పనిసరి.

ప్రసూతి వైద్యురాలు: మీరు వాయిదా అంటారు, గర్భానికి వాయిదా ఉండదు కదా! కడుపులోని బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేయాలి. ఆ గడువు దాటాక తీసుకొస్తే ఏం లాభం? రక్తపోటు పెరిగింది గమనించకపోతే గుర్రపువాతం, అంటే ఫిట్స్, రావచ్చు, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం.

అధికారి: కాదనను. సాయంత్రం ఖైదీలను లోపల పెట్టి తాళాలు వేశాక నొప్పులు మొదలైతే ఇంకా కష్టం.

వ్యాఖ్యాత: పాలిచ్చే తల్లుల సంగతి?

వైద్యురాలు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. అందరితో సమానంగా వడ్డిస్తే ఆమెకు తక్కువ పెట్టినట్టే. ఇంకొకటి ఎవరూ అడగరు. అరెస్టు రోజున చంటిబిడ్డ ఇంట్లోనే ఉండిపోతే? పాలు గడ్డకట్టి, జ్వరంతో ఆమె బ్యారక్‌లో మూలుగుతుంటుంది. బిడ్డకు ఇంటి దగ్గర డబ్బాపాలు.

న్యాయవాది: ఆరేళ్ల లోపు బిడ్డను తల్లితో ఉంచుకోవచ్చు. ఆ మాట రిమాండ్ సమయంలోనే ఆమెకు చెప్పాలి. అసలు బెయిల్‌కే మొదట ప్రయత్నించాలి. 2024 నవంబరులో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం మాదకద్రవ్యాల కేసులో ఒక గర్భిణికి ఆరు నెలల తాత్కాలిక బెయిల్ ఇచ్చింది.

వ్యాఖ్యాత: బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరకకపోతే?

న్యాయవాది: ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నెల దాటినా పూచీకత్తు కుదరకపోతే షరతులు సడలించే విషయాన్ని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు.

వైద్యురాలు: తొమ్మిదో నెల గర్భిణికి ఇంకో నెలా? ఈలోగా కాన్పు అయిపోతుందండీ!

అధికారి: ఏడో రోజు దాకా ఆగమని ఎవరూ చెప్పలేదు. బెయిల్ ఉత్తర్వు అందిన రోజే సూపరింటెండెంట్ ఆ సంస్థకు లేఖ పంపవచ్చు.