మాట అందని విమానం: శ్రోతల ప్రశ్నలు, నిపుణుడి సమాధానాలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఆకాశంలో ఉన్న విమానానికీ, నేల మీది కంట్రోలరుకూ మధ్య రేడియో సంబంధం తెగిపోతే ఏం చేస్తారన్నది ఈ రోజు అంశం. విమాన రాకపోకల నియంత్రణ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నిపుణుడు మనతో ఉన్నారు. కందుకూరు నుంచి మొదటి శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత (కందుకూరు): నమస్కారమండీ. మా పెద్దబ్బాయి దుబాయ్‌లో పనిచేస్తున్నాడు. సెలవు దొరికినప్పుడు చెన్నైలో దిగి, అక్కడి నుంచి రైలులో సింగరాయకొండకు వస్తాడు. పోయినసారి వాడు దారిలో ఉండగానే, ఏదో విమానంతో సంబంధాలు తెగిపోయాయని టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి. అది వాడు ఎక్కినది కాదని తెలిసేదాకా నేను పొయ్యి వెలిగించలేదు. మా ఆయనకు బీపీ ఉందని ఆయనకు చెప్పనూ లేదు. సంబంధం తెగిందంటే విమానం ఎక్కడుందో వీళ్లకు తెలియనట్టేనాండీ?

నిపుణుడు: కాదమ్మా. మాట అందకపోవడం వేరు, విమానం కనిపించకపోవడం వేరు. ఈ ముక్క ఈ రోజు ఎన్నిసార్లయినా చెబుతాను. రేడియో మూగబోయినా, రాడార్‌కు తనంతట తానే జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం విమానంలో పనిచేస్తున్నంతసేపు, రాడార్ పరిధిలో ఆ విమానం ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో కంట్రోలర్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. పైగా ఇలాంటి సందర్భాల్లో రేడియో చెడిపోవడం కన్నా, ఒక కేంద్రం మరొక కేంద్రానికి విమానాన్ని అప్పగించేటప్పుడు పైలట్ ఫ్రీక్వెన్సీలో ఒక అంకె తప్పుగా వినడమో, తప్పుగా తిప్పడమో కారణమని తేలుతుంది. అందుకే కంట్రోలర్ ముందుగా పాత కేంద్రానికి ఫోన్ చేసి, విమానం ఇంకా వారి ఫ్రీక్వెన్సీలోనే ఉందేమో అడుగుతాడు. తర్వాత 121.5 మెగాహెర్ట్జ్ అనే అత్యవసర ఫ్రీక్వెన్సీలో పిలుస్తాడు, దగ్గరలో ఎగురుతున్న మరో విమానం చేత పిలిపిస్తాడు, విమానయాన సంస్థ ద్వారా కాక్‌పిట్‌కు సందేశం పంపిస్తాడు.

శ్రోత: వాళ్లకు వినబడుతూ, మాట్లాడటమే కుదరకపోతేనో?

నిపుణుడు: మంచి ప్రశ్న. "నా మాట వినబడుతుంటే ఐడెంట్ మీట (ట్రాన్స్‌పాండర్ మీది గుర్తింపు మీట) నొక్కండి" అనో, "ఫలానా దిక్కుకు తిరగండి" అనో కంట్రోలర్ చెబుతాడు. తెర మీద ఆ గుర్తు మెరిసినా, విమానం తిరిగినా, చెవులు పనిచేస్తున్నాయని తేలిపోతుంది. అక్కడి నుంచి ఆదేశాలు మామూలుగానే సాగుతాయి.

శ్రోత: సరేనండీ. కానీ ఏమీ వినబడకపోతే వాళ్లు ఎక్కడికి పోతారు? దిగమని ఎవరు చెబుతారు? మా పక్కింటి వాళ్లబ్బాయి, పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతూనే ఉంటారంటాడు.

నిపుణుడు: పక్కింటి అబ్బాయిని కొంచెం పక్కన పెట్టండమ్మా. రేడియో పూర్తిగా పోతే పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో 7600 అనే సంకేత సంఖ్య పెడతాడు. కంట్రోలర్ తెర మీద ఆ విమానం పక్కన హెచ్చరిక వచ్చేస్తుంది. వాతావరణం తేటగా ఉంటే చూపు మీద ఆధారపడి, దగ్గరలో అనువైన విమానాశ్రయంలో దిగుతాడు. మబ్బుల్లో ఉంటే, అంతర్జాతీయ నిబంధన ప్రకారం రాడార్ ఉన్న గగనతలంలో 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు చివరగా ఇచ్చిన ఎత్తు, వేగం మార్చకుండా సాగి, తర్వాత ముందే సమర్పించిన ఫ్లైట్ ప్లాన్‌ను, అంటే దారి, ఎత్తు, వేళలు రాసిన ప్రయాణ పథకాన్ని, అనుసరిస్తాడు. ఇంటి పెద్ద మాట్లాడకపోయినా ఏ వేళకు భోజనానికి వస్తాడో ఇంట్లో వాళ్లకు తెలిసినట్టు, ఈ విమానం ఏ వేళకు ఎక్కడ ఉంటుందో కంట్రోలర్‌కు తెలుసు. ఆ దారిలోని మిగతా విమానాలను పైకో, కిందికో, పక్కకో తప్పిస్తాడు.

శ్రోత: అయితే దిగమని చెప్పేది...

నిపుణుడు: దానికే వస్తున్నానమ్మా. విమానాశ్రయం మీదికి వచ్చి, కంట్రోలర్ చివరగా తెలిపిన సమయానికే కిందికి దిగడం మొదలుపెడతాడు, ఆ సమయం దాటిన 30 నిమిషాల లోపు దిగాలి. అంతవరకూ రన్‌వేను ఆయన కోసం సిద్ధంగా ఉంచుతారు. టవర్ నుంచి దీపం కూడా చూపిస్తారు: నిలకడగా వెలిగే ఆకుపచ్చ దీపం దిగవచ్చని, నిలకడైన ఎరుపు మరో విమానానికి దారి ఇచ్చి చుట్టూ తిరగమని, మిణుకుమిణుకుమనే ఎరుపు ఇక్కడ దిగడం క్షేమం కాదని అర్థం. పగలైతే పైలట్ రెక్కలు ఊపి, రాత్రయితే లైట్లు ఆర్పి వెలిగించి అందిందని తెలుపుతాడు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. ఒంగోలు నుంచి తర్వాతి శ్రోత.

శ్రోత (ఒంగోలు): సార్, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. 7600, 7700 ఒకటేనా?

నిపుణుడు: కాదు. 7700 ఏదైనా అత్యవసర స్థితికి, 7500 హైజాక్‌కు, 7600 కేవలం రేడియో వైఫల్యానికి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. జువ్వలదిన్నె నుంచి మరొకరు.

శ్రోత (జువ్వలదిన్నె): అయ్యా, మా బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంది. సముద్రం మీద వెళ్లే విమానం పిలిస్తే మాకు వినబడుతుందా?

నిపుణుడు: వినబడదు బాబూ. మీ బోట్లు పిలుచుకునే చానల్ 16 అంటే 156.8 మెగాహెర్ట్జ్, అందులోనూ అది మాటను ఎఫ్‌ఎం పద్ధతిలో పంపుతుంది. విమానాల వీహెచ్‌ఎఫ్ మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఏఎం అనే వేరే పద్ధతిలో నడుస్తాయి. తీరానికి చాలా దూరం వెళ్లాక వాళ్లకూ వీహెచ్‌ఎఫ్ అందదు. అక్కడ ఎక్కువ దూరం అందే హెచ్‌ఎఫ్ రేడియో, ఉపగ్రహం మీదుగా అక్షరాల్లో పంపే సందేశాలు వాడతారు. కాబట్టి బంగాళాఖాతం మీద కాసేపు మాట వినపడలేదంటే ఉలిక్కిపడనక్కర్లేదు. మాట అందకపోవడం వేరు, విమానం కనిపించకపోవడం వేరు...

వ్యాఖ్యాత: అద్దంకి నుంచి శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత (అద్దంకి): మా కొరిశపాడు దగ్గర హైవే మీద విమానాలు దిగే రన్‌వే కట్టారు కదా. రేడియో పోయిన విమానం అక్కడ దిగవచ్చునా?

నిపుణుడు: దిగకూడదు. 2022 డిసెంబరు 29న అక్కడ వైమానిక దళం విన్యాసం చేసింది. ఆ రోజు ముందుగానే రాకపోకలు ఆపారు. రేడియో పోయిన ప్రయాణికుల విమానానికి ఇంజిన్లు, ఇంధనం, దిక్కు చూపే పరికరాలు అన్నీ ఉన్నప్పుడు, లారీలు తిరిగే రోడ్డు మీదికి రావలసిన పనేముంది?

శ్రోత: మరి యుద్ధ విమానాలు ఎందుకు పంపిస్తారు సార్?

నిపుణుడు: ఎంత పిలిచినా పలకకపోతే, కాక్‌పిట్‌లో ఏం జరుగుతోందో కళ్లతో చూడటానికి. 2017 ఫిబ్రవరిలో ముంబై నుంచి లండన్ వెళ్తున్న విమానం జర్మనీ మీద పలకకపోతే యుద్ధ విమానాలు వెళ్లాయి. కాసేపటికి సంబంధం కుదిరి, విమానం లండన్‌లో మామూలుగా దిగింది. 2005 ఆగస్టులో గ్రీసులో పలకని విమానం పక్కకు వెళ్లిన పైలట్లకు మాత్రం, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయి స్పృహ తప్పిన వాళ్లు కనిపించారు. అందులోని 121 మందీ చనిపోయారు. యుద్ధ విమానం పక్కగా కాస్త ముందుకు వచ్చి రెక్కలు ఊపితే, తన వెంట రమ్మని అర్థం. వెళ్లడం తప్పనిసరి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ఉలవపాడు నుంచి లైనులో వేచి ఉన్న శ్రోత మన్నించాలి. నమస్కారం.