జోజప్ప, యోసేపు, జోసెఫ్: సరిహద్దు ఊళ్లలో ఒకే పునీతుని పేరు

[తెర మీద: పర్లాకిమిడి, గుణుపురం, జయపురం పట్టణాలను చూపే పటం]

ఒడిశా సరిహద్దులోని ఈ పట్టణాల తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో జోజప్ప, యోసేపు, జోసెఫ్ అనే పేర్లు వేర్వేరుగా వినిపించినా, మూడూ ఒకే పేరుకు రూపాలు.

ఆ పునీతుడు, అంటే యేసు తల్లి మరియమ్మ భర్త అయిన నజరేతు వడ్రంగి యోసేపు, పలికిన మాట ఒక్కటి కూడా సువార్తల్లో లేదు. మధ్యయుగాల పశ్చిమ ఐరోపా క్రైస్తవులు పిల్లలకు ఈ పేరు పెట్టడం అరుదు. స్పెయిన్ కన్యాస్త్రీ అవిలాపురి తెరేజమ్మ 1562లో స్థాపించిన తన మొదటి మఠానికి ఈ పునీతుని పేరు పెట్టగా, 1621లో పదిహేనవ గ్రెగొరీ పోపు మార్చి 19న జరిగే ఆయన పండుగను తప్పనిసరి చేశారు. తొమ్మిదవ పయస్ పోపు 1870లో ఆయనను విశ్వశ్రీసభకు, అంటే ప్రపంచమంతటా ఉన్న కథోలిక సంఘానికి, పాలక పునీతునిగా ప్రకటించారు.

[తెర మీద: యానాం, విశాఖపట్నం తీరం]

అప్పటికే, 1849లో, నేటి ఫ్రాన్స్‌లోని ఆన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సభ కన్యాస్త్రీలు యానాంలో అడుగుపెట్టారు. తెలుగు కథోలికుల నోట ఈ పునీతుడు ‘జోజప్పగారు’ అయ్యారు. ఇంటి పెద్దను పిలిచినట్టే ఉండే ఆ పిలుపు నాకు ఎంతో ఇష్టం. కోరాపుట్, జయపురం ప్రాంతానికి 1882లో వచ్చిన జర్మన్ లూథరన్ మిషనరీలు ప్రొటెస్టెంట్లు కాబట్టి వారి సంఘాల దారి వేరు. ప్రొటెస్టెంట్లకు తెలుగు బైబిలులోని ‘యోసేపు’ అనగానే మరియమ్మ భర్తతో పాటు, అన్నలు ఐగుప్తుకు అమ్మివేసిన యాకోబు కుమారుడూ గుర్తుకు వస్తాడు.

1936 వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేది. ఒడిశా ఏర్పడ్డాక రికార్డులు క్రమంగా ఒడియాలోకి మారాయి.

[తెర మీద: ఒడియా బైబిలులోని ఆ పేరు, పెద్ద అక్షరాల్లో]

ఈ మొదటి అక్షరాన్ని చూడండి. ఇది మన ‘య’కు సాటి అక్షరమే అయినా, పదం మొదట్లో ఒడియావారు దీనిని ‘జ’గా పలుకుతారు. అందువల్ల తెలుగులో యోసేపుగా పెరిగిన పిల్లవాడు, ఒడియా బడిలో హాజరు పిలిచేటప్పుడు జోసెఫ్‌గా పలకవచ్చు. దీనిని రాసినవారి పొరపాటుగా భావించి ఒక రూపాన్ని కొట్టివేయడం అన్యాయం. బాప్తిస్మ పుస్తకంలోని రూపాన్ని అలాగే ఉంచి, బడిలో రాయించిన రూపాన్ని దాని పక్కనే నమోదు చేయించుకోవాలని కుటుంబాలను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.