బంతి కదలకముందే ఆటను చదివిన లైన్‌బ్యాకర్: ల్యూక్ కీక్లీ

[తెరపై: బోస్టన్ కాలేజీ 40వ నంబరు జెర్సీ]

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రక్షణ జట్టు ముందు వరుసకు కొన్ని గజాల వెనుక నిలబడి, బంతి ఎటు వెళ్తుందో పసిగట్టి, దాన్ని అందుకున్న ఆటగాణ్ణి పడగొట్టడం లైన్‌బ్యాకర్ బాధ్యత. కాలేజీ స్థాయిలో ఆ బాధ్యతను ల్యూక్ కీక్లీ అంత నిలకడగా నెరవేర్చినవారు అరుదు.

సిన్సినాటికి చెందిన కీక్లీ 2009లో బోస్టన్ కాలేజీ తరఫున ఆడటం మొదలుపెట్టాడు. జట్టులోని మేటి లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిక్‌కు అదే ఏడాది ఎముక క్యాన్సర్ బయటపడటంతో అతను సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అలాంటి కష్టకాలంలో మొదటి ఏడాది విద్యార్థి కీక్లీ 158 ట్యాకిల్స్ చేశాడు, అంటే బంతితో ఉన్న ప్రత్యర్థిని అన్నిసార్లు పడగొట్టాడు. 2010లో, చికిత్స ముగించుకుని తిరిగొచ్చిన హెర్జ్‌లిక్‌తో కలిసి ఆడుతూ 183, ఆ మరుసటి ఏడాది 191 ట్యాకిల్స్ చేసి, రెండుసార్లూ దేశంలో అగ్రస్థానంలో నిలిచాడు. మొత్తం 38 మ్యాచ్‌లలో 532, అంటే సగటున మ్యాచ్‌కు 14. 2011లో ఉత్తమ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్‌కస్ అవార్డు అతనికే దక్కింది.

[తెరపై: ఒక ఆట, స్లో మోషన్‌లో]

ఇదెలా సాధ్యమైంది? లైన్‌బ్యాకర్ చూపు బంతి కంటే ముందు ఎదుటి జట్టు గార్డు, అంటే ముందు వరుసలో నిలబడి తన జట్టు కోసం ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడి, పాదాల మీద పడాలి. గార్డు ముందుకు దూకితే బంతితో పరుగు తీయబోతున్నారని, వెనక్కి జరిగితే పాస్ రాబోతోందని, పక్కకు తిరిగి పరుగెత్తితే ఆట కూడా అటే మళ్లుతుందని సాధారణంగా గ్రహించవచ్చు. చాలామంది ఆ మొదటి అడుగు పడ్డాక కదులుతారు. పాత మ్యాచ్‌ల వీడియోలను శ్రద్ధగా అధ్యయనం చేసే కీక్లీ మాత్రం, ఆటగాళ్లు నిలబడిన తీరును బట్టే రాబోయే ఎత్తుగడను ఊహించి సహచరులను అప్రమత్తం చేసేవాడు.

2011లో బోస్టన్ కాలేజీ నాలుగు మ్యాచ్‌లు గెలిచి ఎనిమిది ఓడింది. ఓడే జట్టు రక్షణ విభాగం మైదానంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టే ట్యాకిల్స్ పెరిగాయని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనకు 2012లోనే సమాధానం దొరికింది. కాలేజీ ఆటగాళ్లను ప్రొఫెషనల్ జట్లు వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఆటగాడిగా కరోలినా పాంథర్స్ జట్టుకు ఎంపికైన కీక్లీ, తొలి సీజన్‌లోనే 164 ట్యాకిల్స్‌తో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మొత్తానికీ మొదటివాడయ్యాడు. 2013లో ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం కూడా అందుకున్నాడు.

2015 నుంచి 2017 వరకు ఏటా అతను కంకషన్‌కు, అంటే దెబ్బ వల్ల మెదడుకు కలిగే గాయానికి, గురయ్యాడు. ఇంకా ఆడాలన్న కోరిక ఉన్నా అది సరైన నిర్ణయం కాదని చెబుతూ, 2020 జనవరిలో, 28 ఏళ్ల వయసులో ఆటకు వీడ్కోలు పలికాడు. మైదానంలో అందరికంటే ముందే ప్రమాదాన్ని గుర్తించిన మనిషి తన ఆరోగ్యం విషయంలోనూ సకాలంలో ఆగాడని నా నమ్మకం. 2023లో కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు లభించింది.