పొడుగుకు తగ్గ బరువు, బొడ్డు దగ్గర టేపు

సభకు నమస్కారం. మా దగ్గరకు వచ్చే మగవారిలో చాలామంది కాటా దిగుతూనే అడిగే మాట ఒకటుంది: "నా ఎత్తుకు ఎంత బరువుండాలి డాక్టరుగారూ?" ఒక్క అంకె చెప్పి పంపడం సులువే గాని, ఆ అంకె ఎవరి శరీరాలను కొలిచి తీసిందో చెప్పకుండా చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

సెంటీమీటర్లలో ఎత్తు నుంచి వంద తీసేస్తే మిగిలేదే తగిన బరువనే లెక్క మనలో ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరు మీద చెలామణిలో ఉన్న ఈ సూత్రం ప్రకారం 170 సెంటీమీటర్ల మనిషి 70 కిలోలు ఉండవచ్చు. ఇప్పుడు మేము వాడేది బాడీ మాస్ ఇండెక్స్, అంటే బీఎంఐ: కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. దీనికి మూలం బెల్జియం గణితజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే. పెద్దల బరువు ఎత్తు వర్గాన్ని అనుసరించి మారుతుందని ఆయన 1830లలోనే గమనించాడు. ఆయన వెతికింది సగటు మనిషి కొలతలను, రోగం దరిచేరని మనిషి కొలతలను కాదు.

అదే 170 సెంటీమీటర్ల, అంటే 1.7 మీటర్ల మనిషికి లెక్క వేద్దాం. 1.7ను 1.7తో గుణిస్తే 2.89. ప్రపంచ ఆరోగ్య సంస్థ బీఎంఐకి పెట్టిన సాధారణ హద్దులైన 18.5, 24.9లతో దీనిని గుణిస్తే సుమారు 53.5 నుంచి 72 కిలోల వరకు వస్తుంది. అయితే భారతీయులకు బీఎంఐ 23 నుంచే అధిక బరువుగా, 25 నుంచి స్థూలకాయంగా లెక్కించాలని మన వైద్య నిపుణులు 2009లో నిర్ణయించారు కనుక, మనకు పై హద్దు 66 కిలోల దగ్గరే ఆగుతుంది. వంద తీసేసే లెక్కలో సరైనవాడనిపించుకున్న 70 కిలోల మనిషి ఇక్కడ హద్దు దాటినట్టే.

ఈ తేడా ఎందుకో ఒక ఫోటో చెబుతుంది. పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఆ ఫోటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్టలో కొవ్వు చేరే మన ఒంటి తీరును కాటా పట్టుకోలేదు. అలాగే బస్తాలు మోసే హమాలీ కండను కొవ్వుగా లెక్క కట్టేదీ ఆ కాటాయే.

అందుకే టేపు కావాలి. "నాది ముప్పై నాలుగు సైజు ప్యాంటే" అని ధీమాగా చెప్పేవారి నడుము కొలిస్తే ఒక్కోసారి ముప్పై తొమ్మిది అంగుళాలు వస్తుంది. ప్యాంటు బొజ్జ కిందికి జారి కూర్చుంటుంది, మనం కొలవవలసింది బొజ్జను. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మన మగవారికి 90 సెంటీమీటర్లు హద్దు. మొలతాడు ఒరుసుకుంటే ముడి విప్పి వదులు చేసుకుని ఊరుకుంటాం గాని, నిజానికి ఆ తాడు ఏ రిపోర్టుకన్నా ముందే కబురు చెప్పింది.

ఇప్పటికే 78 కిలోలున్నవారు 66 అనగానే బెంబేలు పడి పూటలు మానేయవద్దు. మధుమేహం అంచున ఉన్నవారిపై చెన్నై వైద్యులు జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో, నడక, తిండి మార్పులు పాటించినవారి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకపోయినా, వారిలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. ముందుగా కదలవలసింది కాటా ముల్లు కాదు, మనం.

హాలు వెనుక బల్ల మీద దర్జీ టేపులు ఉంచాము. వెళ్లేముందు చొక్కా పైకెత్తి, మొహమాటపడకుండా ఒకసారి కొలిపించుకుని, ఆ అంకెను తేదీతో సహా రాసుకోవలసిందిగా కోరుతున్నాను.