దుప్పట్లు తాకట్టు పెట్టి విడిపించిన సైకిల్

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం సినిమా వేసేముందు ప్రపంచ సినిమా గురించి మాట్లాడమన్నారు. ప్రపంచమేమో చాలా పెద్దది, నాకిచ్చిన టైము ఇరవై నిమిషాలు. పైగా నేను విమర్శకుణ్ణి కాను. ముప్ఫై రెండేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు సినిమాలు చూసినవాణ్ణి. అందుకని ఉద్యమాలూ సిద్ధాంతాలూ, ఎవరు ఎవరి శిష్యులూ, ఇవన్నీ చదువుకున్నవాళ్ళకి వదిలేస్తాను. ఈ సినిమాల్లో నాకు గట్టిగా పట్టుకున్నది ఒకటుంది. వాటిలో వస్తువులకు ఖరీదు ఉంటుంది. మన హీరో సూట్‌కేసు విసిరేస్తే నోట్లు గాల్లో ఎగురుతాయి, ఎవడూ లెక్కపెట్టడు. అక్కడ లెక్కపెడతారు. ఈ మాట అర్థం కావాలంటే ముందు దుప్పట్ల గురించి చెప్పాలి.

1983లో మా ఊళ్ళో ఒక ఫిలిం సొసైటీ ఉండేది. నెలకో సినిమా. స్కూలు హాల్లో కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో వేసేవాళ్ళు. ఉన్నది ఒకే ప్రొజెక్టరు, రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి, మేం బయటికెళ్ళి టీ తాగి వచ్చేవాళ్ళం. నిజం చెప్పాలంటే, సభ్యుల్లో సగంమంది కళ కోసం చేరలేదు. సొసైటీలో వేసే సినిమాలకు సెన్సారు కత్తెర ఉండదని ఊళ్ళో పుకారు. పుకారేంటి, నిజమే, ఆ మినహాయింపు ఉండేది. ఫారిన్ సినిమా కదా, ఏదో ఒకటి చూపించకపోతారా అని వచ్చేవాళ్ళు. నేనూ ఆ సగంలోవాణ్ణే. ఇప్పుడు రిటైరైపోయాను, ఒప్పుకుంటే పోయేదేం లేదు.

ఆ నెల వేసింది 'బైసికిల్ థీవ్స్'. 1948 నాటి ఇటలీ సినిమా, దర్శకుడు విట్టోరియో డి సికా. నలుపు తెలుపు. ఎదురుచూసినదేదీ లేదు. మొదటి రీలు అయ్యేసరికి వెనక బెంచీలు ఖాళీ.

యుద్ధం అయిపోయిన రోమ్ నగరం. పనుల్లేవు. ఆంటోనియో అనే అతనికి గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది, కాకపోతే సొంత సైకిల్ ఉండాలి. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మరియా అతని మీద చిరాకుపడుతూనే మంచం మీది దుప్పట్లు లాగేస్తుంది. దుప్పట్లు లేకపోతే నిద్రపట్టదా అంటుంది. వాటిని మూటకట్టి తాకట్టు కొట్లో పెట్టి, ఆ డబ్బుతో సైకిల్ విడిపిస్తారు.

కథగా చెబితే ఇంతే. తెరమీద ఏం జరుగుతుందో చూడండి. కొట్లో పనివాడు ఆ మూట తీసుకుని లోపలికి నడుస్తాడు. నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా మూటలు, మూటల నిండా దుప్పట్లే. వాడు అరలు పట్టుకుని ఎక్కడం మొదలుపెడతాడు. ఎక్కుతూనే ఉంటాడు. ఎక్కడో పైన ఇంత సందు చూసి మన మూటని అందులో కుక్కుతాడు. ఎవరూ దాని గురించి నోరు విప్పి ఏమీ అనరు. ఊరు ఊరంతా దుప్పట్లు లేకుండా పడుకుంటోందని మనకే తెలిసిపోతుంది. ఆ మధ్య వచ్చే మాటలన్నా చదువుదామంటే, మా ప్రింటులో తెల్లటి సబ్‌టైటిళ్ళు తెల్లటి దుప్పట్ల మీద పడి కనబడేవి కావు. చదవడానికి ఏమీ లేక బొమ్మ చూశాను. నాకు సినిమా చూడ్డం వచ్చింది ఆ రోజే అనుకుంటాను.

నా పదో తరగతి ఫీజు కోసం మా అమ్మ ఇత్తడి బిందె తాకట్టు పెట్టింది. నేనే మోసుకెళ్ళాను. సేటు చీటీ రాసిచ్చాడు, డబ్బు తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ బిందె ఏ గదిలోకి వెళ్ళింది, ఎవరెవరి బిందెల పక్కన కూర్చుంది అన్నది ఆ సినిమా చూసేదాకా నాకు తట్టలేదు.

సరే, సైకిల్ పోతుంది. మొదటిరోజే పోతుంది. నిచ్చెనెక్కి రీటా హేవర్త్ పోస్టరు అంటిస్తుంటే కింద నుంచి ఎవడో ఎత్తుకుపోతాడు. అమెరికన్ తార గోడమీద నవ్వుతూనే ఉంటుంది. ఆదివారమంతా తండ్రీ కొడుకూ ఊరంతా వెతుకుతారు. మధ్యలో ఒకచోట తండ్రికి విసుగొచ్చి, పోనీ అని, కొడుకు బ్రూనోని హోటలుకి తీసుకెళ్తాడు. పక్క టేబుల్ దగ్గర డబ్బున్న వాళ్ళ పిల్లాడు. బ్రూనో, వేయించిన రొట్టెలోని చీజ్‌ని తీగలా సాగదీస్తూ వాడి వంక చూస్తాడు. వాళ్ళలా తినాలంటే నెలకి పది లక్షల లీరాలన్నా రావాలి అంటాడు తండ్రి. అని ఊరుకోకుండా పెన్సిల్ తీసి, తన జీతం ఎంత వచ్చేదో లెక్క వేయమని కొడుకుతో వేయిస్తాడు. సైకిల్ పోయింది, ఉద్యోగమూ పోయినట్టే. అయినా కూడిక మాత్రం తప్పు రాకూడదు!

పేరు గురించి ఒక మాట. అమెరికాలో ఈ సినిమాని చాలాకాలం ఏకవచనంలో 'ది బైసికిల్ థీఫ్' అన్నారు. ఇటాలియన్‌లో అది బహువచనం. 'సైకిల్ దొంగ' అంటే ఎవడో వెధవ కథ. 'సైకిల్ దొంగలు' అంటే రెండోవాడెవడని వెతుక్కుంటాం. ఆఖర్లో దొరుకుతాడు, గంటన్నరగా మనం వెంట తిరుగుతున్నవాడే. ఆ 'లు' తీసేసినవాళ్ళకి సినిమా అర్థంకాలేదని నా నమ్మకం.

ఈ సినిమాకి డబ్బు పెడతాను గానీ క్యారీ గ్రాంట్‌ని హీరోగా పెట్టమన్నాడట హాలీవుడ్ నిర్మాత సెల్జ్‌నిక్. డి సికా ఒప్పుకోలేదు. లాంబెర్టో మజ్జొరాని అనే ఫ్యాక్టరీ కార్మికుణ్ణి తీసుకున్నాడు. సినిమా అయ్యాక అతను మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. కొన్నాళ్ళకి అక్కడ తీసేశారు. తెరమీద పనికోసం తిరిగిన మనిషి బయట కూడా తిరిగాడు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

మన దేశానికి ఈ సినిమా 1952లో వచ్చింది. మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో పెట్టి, తర్వాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు తిప్పారు. దాన్ని చూసిన బిమల్ రాయ్ మరుసటి ఏడాది 'దో బీఘా జమీన్' తీశాడు. సత్యజిత్ రాయ్ అయితే 1950లోనే లండన్లో చూసేశాడు. ఆ తర్వాత ఆయన 'పథేర్ పాంచాలి' తీసిన కథ మీకు తెలిసిందే.

అన్నీ ఇలాగే నచ్చాయనుకునేరు. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన 'స్టాకర్' మొదటిసారి చూస్తూ నిద్రపోయాను. ముగ్గురు మనుషులు పట్టాల మీద చిన్న ట్రాలీలో పోతుంటారు, చాలాసేపు పోతుంటారు, ఆ పట్టాల చప్పుడు జోలపాటలాగే ఉంది. కళ్ళు తెరిచేసరికి తెరమీద రంగులొచ్చేశాయి. ప్రింటు మార్చారనుకున్నాను! రెండోసారి మెలకువగా చూశాను, బాగుంది, మూడోసారి చూడమంటే మాత్రం ఆలోచిస్తాను. ఫ్రెంచి దర్శకుడు గొదార్ నాకు ఇప్పటికీ ఒంటికి పడడు. నచ్చినట్టు నటించే వయసు దాటిపోయింది.

'టోక్యో స్టోరీ'కి మాత్రం నటించాల్సిన పని పడలేదు. జపాన్, 1953, యసుజిరో ఓజు. కెమెరా దాదాపు కదలదు. ఎత్తు ఎంతంటే, చాపమీద కూర్చున్న మనిషి కంటికి ఎంత కనబడుతుందో అంత. పీటలమీద కూర్చుని తిన్న మనకి అది కొత్తగా ఉండకూడదు. ఒనోమిచి అనే ఊళ్ళో ఉండే ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురు షిగే బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఎవరికీ తీరికలేదు. ఎవరూ కసురుకోరు, ఎవరూ గెంటేయరు. అల్లుడు అత్తమామల కోసం కేకులు తెస్తే, వాళ్ళకెందుకు ఇంత ఖరీదువి అంటుంది కూతురు. పార్లర్‌కి వచ్చిన ఆవిడ ఎవరండీ వీళ్ళంటే, ఊళ్ళో తెలిసినవాళ్ళు అనేస్తుంది. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్ళకి ఊరు చూపిస్తుంది. తన ఒంటిగదికి తీసుకొచ్చి, మామగారికి పోయడానికి పక్కింటికి వెళ్ళి సాకే, అంటే బియ్యపు సారా, అప్పు తెస్తుంది. చూశారా, ఒకచోట డబ్బుండీ కేకు బరువైంది, ఇంకోచోట సారా అప్పుకి వచ్చింది.

తర్వాత ఊరినుంచి టెలిగ్రాం. అమ్మకి సీరియస్. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటారు, కర్మకి కట్టుకునే నల్లబట్టలు కూడా పెట్టుకుందామా అని. పెట్టుకుంటారు. వెళ్ళాక తెలుస్తుంది, నొరికో తెచ్చుకోలేదు.

మొదటిసారి చూసినప్పుడు షిగేని కొట్టాలనిపించింది. ఇప్పుడు అనిపించదు. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి, డాక్టరు ఏమంటున్నాడు, టికెట్ ఎప్పటికి బుక్ చేసుకోమంటారు అని అడగడం మన ఇళ్ళల్లో విన్నాం. వాళ్ళేం చెడ్డవాళ్ళు కారు. సెలవులు లెక్కపెట్టుకోవాలి, టికెట్ రేటు చూసుకోవాలి. ఓజు ఆ లెక్క వేసేవాళ్ళని తిట్టడు, మెచ్చుకోడు. బట్టలు సర్దుకోవడం చూపిస్తాడు, అంతే.

ఇవన్నీ పాత సినిమాలు కదా అంటారేమో. 2014లో బెల్జియం నుంచి డార్డెన్ సోదరులు తీసిన 'టూ డేస్, వన్ నైట్' ఉంది. సాండ్రా ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది. జబ్బుపడి సెలవు పెడుతుంది. ఆమె లేకపోయినా పని నడిచిపోతోందని యాజమాన్యానికి అర్థమవుతుంది. మిగతా పదహారుమందినీ పిలిచి, మీకు తలా 1,000 యూరోల బోనస్ కావాలా, సాండ్రా కావాలా, ఓటు వేయండి అంటారు. ఎక్కువమంది బోనస్సే కావాలంటారు. సోమవారం మళ్ళీ ఓటింగ్. శని, ఆదివారాల్లో ఆమె ఇంటింటికీ వెళ్ళి, బోనస్ వదులుకోమని అడగాలి. అడగడం అంటే అడుక్కోవడమే. ఒకరికి ఆ డబ్బు ఏడాదికి గ్యాసు, కరెంటు బిల్లు. ఇంకొకరికి కూతురి చదువు. ప్రతి గుమ్మం ముందూ ఆమె అవే మాటలు మళ్ళీ మొదట్నుంచీ చెబుతుంది, ప్రతిసారీ మనకి టెన్షనే. టిముర్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ గ్రౌండులో ఆమెని చూసి ఏడ్చేస్తాడు. పనిలో చేరిన కొత్తల్లో అతని తప్పుని ఆమె తనమీద వేసుకుంది, అయినా అతను బోనస్‌కే ఓటేశాడు. యూనియన్ పనుల్లో తిరిగినవాడిగా చెబుతున్నాను, ఏ మీటింగులోనూ ఏ ఉపన్యాసంలోనూ ఈ సంగతిని ఇంత దగ్గరగా వినలేదు.

ఇక ఈ సాయంత్రం సినిమా. ఇరాన్, 1987, అబ్బాస్ కియారొస్తామీ, 'వేరీజ్ ద ఫ్రెండ్స్ హౌస్'. అహ్మద్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడు పక్కవాడి నోటుబుక్కు పొరపాటున ఇంటికి తెచ్చేస్తాడు. నోటుబుక్కులో హోంవర్కు రాయకపోతే ఆ పక్కవాణ్ణి బడినుంచి పంపేస్తానని పంతులు ఆ రోజే బెదిరించాడు. వాడి ఊరు కొండ అవతల. ఇల్లు ఎక్కడో తెలీదు. సినిమా మొత్తం ఇదే.

అమ్మతో చెబుతాడు, వినదు. పసిపాపని ఊపు, రొట్టెలు పట్రా, హోంవర్కు చెయ్యి. తాత పిలిచి ఇంటికెళ్ళి సిగరెట్లు తెమ్మంటాడు. తాత జేబులో సిగరెట్లు ఉన్నాయి! వాడు పోయాక పక్కనున్న ముసలాయనకి చెబుతాడు: మా నాన్న వారానికో పైసా ఇచ్చేవాడు, రెండు వారాలకోసారి తన్నేవాడు, పైసా ఇవ్వడం ఒక్కోసారి మర్చిపోయేవాడు గానీ తన్నడం ఎప్పుడూ మర్చిపోలేదు. హాల్లో ఇక్కడ నవ్వుతారు. నవ్వండి, కానీ ఆ టైములో కుర్రాడు ఎక్కడున్నాడో గుర్తుపెట్టుకోండి. ఇనప తలుపులు అమ్మేవాడొకడు ఆ నోటుబుక్కులోంచే ఒక కాగితం చింపుకుంటాడు, లెక్క రాసుకోడానికి. వాడికది కాగితం.

ఈ సినిమా తీసిన కోకెర్ ప్రాంతంలో 1990 జూన్‌లో భూకంపం వచ్చి వేలమంది పోయారు. కియారొస్తామీ తన సినిమాలో నటించిన పిల్లలు బతికున్నారో లేదో చూడ్డానికి కారేసుకుని వెళ్ళాడు. ఆ ప్రయాణం మీద 1992లో ఇంకో సినిమా తీశాడు. అందులో ఒకతను శిథిలాల మధ్య యాంటెనా కడుతుంటాడు, వరల్డ్ కప్ మ్యాచ్ ఉందని. ఇంట్లోవాళ్ళు పోయినా మ్యాచ్ చూడాలి కదా. అది కూడా ఎప్పుడైనా వేయమని నిర్వాహకుల్ని అడుగుతున్నాను. ఆ పిల్లలు బతికే ఉన్నారు, దాని తర్వాత 1994లో తీసిన సినిమాలో కనిపిస్తారు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీకు ఇవాళ మనసు సినిమా మీద నిలవదు.

నోటుబుక్కు చేరిందా లేదా అన్నది మాత్రం చెప్పను. నిడివి 83 నిమిషాలు, మధ్యలో టీ లేదు. సబ్‌టైటిళ్ళు ఇంగ్లిష్‌లో వస్తాయి, కొన్ని మిస్సయినా ఫర్వాలేదు. ముందు వరసలో పిల్లలున్నారు, వాళ్ళకి తల అడ్డం రాకుండా కాస్త సర్దుకుని కూర్చోండి. బాబూ, ఆ తలుపు పక్క లైటు కూడా తీసెయ్.