బీబీఏకు ఏఐసీటీఈ అనుమతి అవసరమా? (చర్చా కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు కూడా ఢిల్లీలోని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. అప్పటిదాకా కళాశాలకు విశ్వవిద్యాలయ అనుబంధం ఉంటే సరిపోయేది. అందరికీ సమాన సమయం ఇస్తాం. ప్రొఫెసర్ గారూ, దీనివల్ల ప్లేస్‌మెంట్లు పెరుగుతాయా?

ప్రొఫెసర్: ఉద్యోగాల మాట తర్వాత. ముందు పాఠం ఎవరు చెబుతున్నారో...

కరస్పాండెంట్ (ప్రైవేటు కళాశాల యాజమాన్యం తరఫున): మేమే చెబుతున్నాం సార్! విశ్వవిద్యాలయం తనిఖీ ఉండనే ఉంది. ఇప్పుడు ఢిల్లీకి కూడా దరఖాస్తు పెట్టాలి. ఒక డిగ్రీకి ఇద్దరు యజమానులా?

ప్రొఫెసర్: ఎంబీఏకు ఎప్పటినుంచో ఇద్దరూ ఉన్నారు కదా.

కరస్పాండెంట్: ఉండి ఏం ఉద్ధరించారు? గచ్చిబౌలిలో బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీ 2001 నుంచి నడుస్తోంది. ఏఐసీటీఈ అనుమతి లేదు, ఇచ్చేది డిగ్రీ కూడా కాదు. కంపెనీలు వద్దన్నాయా?

వ్యాఖ్యాత: అంటే ప్లేస్‌మెంట్లే గీటురాయి!

ప్రొఫెసర్: అక్కడికి ఎక్కువగా ఉద్యోగం చేసినవాళ్లు వస్తారు. ఇంటర్ ముగించిన పిల్లలతో పోలికేమిటి?

కరస్పాండెంట్: ఐఐఎంలు? 2017 ఐఐఎం చట్టం వచ్చేదాకా అవీ డిప్లొమాలే ఇచ్చాయి!

[ఇక్కడ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. వినిపించింది కరస్పాండెంట్ గొంతే.]

విద్యార్థిని: సార్, ఒక్క మాట. మా కళాశాల ఎదురుగా జిరాక్సు షాపులో ఎంబీఏ ప్రాజెక్టు రిపోర్టులు అమ్ముతారు. మా సీనియర్ కొన్నదానికి అట్ట మీద ఆయన పేరే ఉంది, లోపలి ధ్రువపత్రంలో మాత్రం ఎవరో అమ్మాయి పేరు. గైడు చూడకుండానే సంతకం పెట్టేశారు.

కరస్పాండెంట్: అది మా కళాశాల కాదు!

విద్యార్థిని: మీదని నేను అనలేదండీ.

వ్యాఖ్యాత: సరే, ఆ సీనియర్‌కు ఉద్యోగం వచ్చిందా?

విద్యార్థిని: వచ్చింది.

కరస్పాండెంట్: చూశారా! అనుమతులు కాదు, పిల్లాడి చొరవ ముఖ్యం.

ప్రొఫెసర్: చొరవా? దొంగ రిపోర్టు కొన్నాడండీ!

కరస్పాండెంట్: ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి ఎవరూ అడగరేం? జీతాలు ఎక్కడినుంచి ఇవ్వాలి? మీ పెన్షన్ ఒకటో తారీఖున వస్తుంది కాబట్టి మీకు...

ప్రొఫెసర్: నా పెన్షన్ ఎందుకిక్కడ?

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం. ఏఐసీటీఈ అనుమతి అదనపు భారమేనన్న అభిప్రాయం ఈ చర్చలో గట్టిగా వినిపించింది.

ప్రొఫెసర్: అది ఒక్కరి అభిప్రాయం. నేను అసలు...

వ్యాఖ్యాత: సమయం లేదండీ. విరామం తర్వాత, ఏ కోర్సుకు ఎంత ప్యాకేజీ?

కరస్పాండెంట్: ఇంకొక్క పాయింటు చెప్పి...